గాలి కొలిచిన ఆషాఢం

ఆషాఢం వచ్చిందంటే మా ధర్మవరానికి రెండు వచ్చి పడతాయి. ఒకటి గాలి, రెండోది కొత్తగా పెళ్ళైన ఆడపిల్లలు. గాలి పెనుకొండ వైపు నుంచి దుమ్మెత్తుకుని వస్తుంది. ఆడపిల్లలు అత్తవారిళ్ళ నుంచి పెట్టెలు పట్టుకుని వస్తారు. ఆ నెలంతా కొత్త కోడలు, అత్త ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. ఈ నియమం పెట్టినవాడెవడో నాకు తెలియదుగానీ, వాడికి పెళ్ళి మాత్రం అయివుండదని నా నమ్మకం.

ఆ ఏడు మా అక్క మంజులత కూడా అట్లాగే వచ్చింది. వైశాఖంలో పెళ్ళయింది. హిందూపురంలో బట్టల అంగడి వాళ్ళింటికి కోడలు. పోయేటప్పుడు చీరల మధ్యలో డిగ్రీ పుస్తకాలు సర్దుకుని పోయింది. వచ్చేటప్పుడు అవి సర్దినవి సర్దినట్టే తిరిగొచ్చాయి. బీఎస్సీ రెండేళ్ళు మా ఊరి కాలేజీలోనే చదివింది, ఇంకొక్క ఏడాది మిగిలింది. పెళ్ళిచూపుల్లో చదువు సంగతి ఎత్తితే అవతలివాళ్ళు 'చూద్దాం' అన్నారు. పెళ్ళయ్యాక అడిగితే మా బావ కృష్ణకాంత్ 'అమ్మ ఒప్పుకోదు' అన్నాడు. హిందూపురం నుంచి ధర్మవరానికి పొద్దున రైలుంది, సాయంత్రం రైలుంది. ఎందరో పిల్లలు అట్లా వచ్చి చదువుకుని పోతూనే ఉన్నారు. అయినా అమ్మ ఒప్పుకోదు. కాలేజీ అప్పటికే తెరిచారు. ఆషాఢం దాటేలోపు చేరకపోతే ఆ ఏడాది పోయినట్టే, ఒక ఏడాది పోతే ఇక చదువే పోయినట్టని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో మిగిలినవాళ్ళు తెలిసినా తెలియనట్టే ఉన్నారు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. పేరు చౌడేశ్వరి. ఇంట్లో చౌడీ అంటారు, బళ్ళో నోటిదురుసు పిల్ల అంటారు. రెండోదానికి నేనెప్పుడూ బాధపడలేదు.

బావ వారానికొకసారి చీరలు తీసుకుపోవడానికి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. మా నాయన శ్రీరాములు నేసిన చీరలే కాకుండా మా వీధిలో ఇంకో నాలుగిళ్ళ చీరలు కూడా వాళ్ళ అంగడికే పోతాయి. మామూలుగా అయితే మా నట్టింట్లో కూర్చుని కాఫీ తాగి పోయే మనిషి, ఆషాఢం కాబట్టి వీధి మొగదల టీ అంగడి దగ్గర నిలబడేవాడు. నాయన మగ్గం ఆపి, చీరల మూట పట్టుకుని అక్కడికి పోయేవాడు. అమ్మ ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి డబ్బాలో పెట్టి నా చేత పంపేది. అక్క కిటికీలోంచి చూసేది. ఇల్లు దాటని పెళ్ళానికీ ఇల్లు తొక్కని మొగుడికీ మధ్య ఓళిగల డబ్బా మోసే ఉద్యోగం నాది.

అప్పుడే మా ఈశ్వరప్ప సారు పెనుకొండలో సైన్సు ఎగ్జిబిషన్ ఉందని, తలా ఒకటి చేసుకురమ్మని చెప్పారు. ఒకరు అగ్నిపర్వతమన్నారు, ఒకరు వాననీటి గుంత అన్నారు. నేను గాలి ఎంత వేగంతో వస్తుందో కొలుస్తానన్నాను. మధ్యాహ్నం బడి ఆవరణలో అన్నం తింటుంటే పళ్ళేలు ఎగిరిపోయేవి, పప్పులో సగం దుమ్ము ఉండేది. ఆ గాలి ఎంతో తెలుసుకోవాలని నాకు నిజంగానే ఉండేది. సారు నవ్వి, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టినవాళ్ళు కొలుస్తారు ఆ పని, నీకెందుకు అన్నారు. నీకెందుకు అన్నాక ఇంక ఆ పని మానే ప్రశ్నే లేదు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. అక్క పుస్తకం తీసింది. పెళ్ళయ్యాక ఆమె పుస్తకం తెరవడం అదే మొదలు. ఒక పలక ముక్క, దాని మీద అట్టతో చేసిన పెద్ద కోణమానిని, దాని నడిమి నుంచి దారానికి వేలాడే టేబుల్ టెన్నిస్ బంతి. అంతే మా యంత్రం. గాలి కొడితే బంతి పక్కకు లేస్తుంది, ఎంత గాలికి అంత పైకి. మామూలు దారం బరువైందని నాయన మగ్గం దగ్గర పట్టు పోగు అడిగాం. నాయన ఒక పోగు తుంచి ఇచ్చాడు. పట్టు ముడి జారుతుందని తానే బంకతో అంటించి కూడా ఇచ్చాడు.

బంతి లేవడం బాగానే లేచింది. ఎంత లేస్తే ఎంత వేగమో ఎట్లా తెలుస్తుంది? అక్క దానికీ ఉపాయం చెప్పింది. బండి మీద ఇరవైలో పోతే మనకు తగిలే గాలి ఇరవై, ముప్పైలో పోతే ముప్పై. మీటరు చూసుకుంటూ పోయి, బంతి ఎక్కడ నిలిస్తే అక్కడ గీత గీసుకుంటే సరి. ఆ మాట చెబుతూ అక్క ఎందుకు సిగ్గుపడిందో నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. మా ఇంట్లో బండి లేదు. బావకుంది.

ఆ వారం ఓళిగల డబ్బాతో పాటు ఒక మాట కూడా మోశాను. బడి వదిలే వేళకు గేటు దగ్గర బండితో ఉండాలి, సైన్సు పని అని. బావ అటూ ఇటూ చూసి, "ఎవరన్నా చూస్తే ఎట్ల పాప?" అన్నాడు.

"మా ఇంటి గడప తొక్కకూడదు గానీ బడి గేటుకేం పట్టింపు లేదు బావా" అన్నాను.

అక్కను ప్రాజెక్టు సాయానికి బడికి తీసుకుపోతున్నానని అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను చూసింది, అక్క తల్లోని పూలు చూసింది, పొద్దు కుంకకముందే రమ్మని మాత్రం అంది.

పెనుకొండ రోడ్డు మీద ముగ్గురం ఒకే బండి మీద పోయాం. ముందు బావ, మధ్యలో అక్క, చివర పలక పక్కకు చాచి పట్టుకుని నేను. బావ మీటరు చూసి అరిచేవాడు, అక్క వెనక్కి తిరిగి గీత గీసేది. ఎదురుగాలికి నాకు కళ్ళు తెరుచుకోలేదు, జడ రిబ్బను ఊడి ఎటో పోయింది. పెళ్ళయ్యాక అక్క నవ్వడం అప్పుడే విన్నాను. సగం దూరంలో బస్సులు ఆగే ఊరి దగ్గర బావ మమ్మల్ని దించేశాడు. మాతో ధర్మవరానికి తిరిగొస్తే వీధి కళ్ళన్నీ పడతాయి, అందుకని ఆయన అటే హిందూపురం పోయాడు, మేము బస్సెక్కి ఇల్లు చేరాం.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే బడి మిద్దె ఎక్కి పలక పట్టుకునేదాన్ని. వచ్చిన అంకె వరండా బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేదాన్ని. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వచ్చి చదివేవాళ్ళు. నాలుగు రోజులు నేను రాజ్యమేలాను. ఐదో రోజు ఈశ్వరప్ప సారు ఫోను తీసి చూసి, బోర్డు చూసి, మొహం చిట్లించారు. ఫోనులో ఆ రోజు గాలి వేగం ముప్పై ఉంది. నా బోర్డు మీద పదిహేను.

అది తుడిచి ముప్పై రాయమన్నారు. పెనుకొండలో పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తారు, బడి పరువు పోతుందన్నారు. రోజూ ఫోను చూసి దానికి దగ్గరగా ఒక అంకె వేసుకుంటే సరిపోతుంది, ఎవరూ అడగరన్నారు. సారు చెడ్డవారు కాదు. పని తొందరగా కావాలి, అంతే.

"సార్, ఆ ముప్పై యాడ కొల్చినారు?" అని అడిగాను.

"ఫోన్లో ఉండాది కదమ్మా."

"ఫోన్లో సరే సార్. యాడ నిలబడి కొల్చినారు? ఈ మిద్దె మీద నిలబడి చూసింది నేను. నాకు పదిహేనే కనబడింది."

 ముప్పై రాస్తే పెనుకొండకు నువ్వు పోతావు, లేకుంటే అగ్నిపర్వతం పోతుంది, నీ ఇష్టం అన్నారు సారు. అగ్నిపర్వతమే పోనీలెండి సార్ అన్నాను. అని ఇంటికొచ్చి, పుస్తకాల సంచి ఒక మూలకు, పలక ఒక మూలకు విసిరి, ఏడ్చాను. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, బాగా ఏడ్చాను.

అక్క ఓదార్చలేదు. పలక తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, ఆ రోజు బండి మీద గాలి మొహానికి ఎట్లా తగిలిందని అడిగింది. కళ్ళు తెరవనియ్యలేదని చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ దగ్గర కూర్చున్నావు కదా, అప్పుడెట్లా ఉందని అడిగింది. గుర్తు చేసుకుంటే, కిటికీ తెరిచే ఉన్నా నా ఓణీ అంచు కూడా కదల్లేదు. ఉక్కపోసింది.

అక్క తల కొట్టుకుంది. ఆషాఢం గాలి మాకు ఎదురుగా వస్తోంది. బండి గాలికి ఆ గాలి కూడా తోడై బంతిని లేపింది. మేము బండి గాలి ఒక్కటే అనుకుని గీతలు గీశాం. గీతలన్నీ ఉండాల్సిన చోటికన్నా పైన పడ్డాయి, అందుకే మిద్దె మీద అంకె తక్కువ వచ్చింది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి సగటు తీయాల్సింది. బావ తిరిగి రాడు కాబట్టి పోయేటప్పుడే కొలిచాం. రెండేళ్ళు ఫిజిక్స్ చదివిన మనిషి గాలి కోసం బయల్దేరి గాలినే మరిచిపోయిందంటే, ఆ రోజు ఆమె కళ్ళు బంతి మీద లేవని అర్థం.

"అయితే సారు చెప్పిందే నిజమా?" అన్నాను, నీరసంగా.

"మనది తప్పు. అంతమాత్రాన చూడని ముప్పై రాస్తామా? మళ్ళా కొలుస్తాం" అంది అక్క.

తర్వాతి వారం బడి గేటు దగ్గర నేనూ అక్కా సంగతి చెబితే బావ గతుక్కుమన్నాడు. పోవడానికి అభ్యంతరం లేదు. పెళ్ళాన్ని బండెక్కించుకుని పట్టపగలు ధర్మవరంలోకి తిరిగి రావడమా? హిందూపురం అంగళ్ళవాళ్ళు రోజూ ఇక్కడ తిరుగుతుంటారు, తాను ఊరు చేరకముందే వాళ్ళమ్మ చెవిన పడుతుందన్నాడు. హిందూపురం వాళ్ళకు మాటకు ముందొక 'సుమ్నే', వెనకొక 'సుమ్నే' ఉండాలి. ఊరికే అనడానికి వాళ్ళు కన్నడంలోంచి తెచ్చుకున్న మాట అది. "సుమ్నే ఎందుకు మంజులా గొడవ" అన్నాడు.

అక్క కొంగు నడుముకు దోపుకుంది. గొంతు పెంచలేదు.

"పెళ్ళైనప్పట్నుంచి మీరు ఆడ్నుంచి ఈడికి మాటలు మోస్తాండారు. అమ్మ ఒప్పుకోదు, అమ్మకు ఇష్టం లేదు అని. ఈడ్నుంచి ఆడికి నా మాట ఒక్కటన్నా తీసుకపోయినారా?"

బావ బండి స్టార్టు చేశాడు.

పోయేటప్పుడు పాత గీతలు సరిచూసుకున్నాం. బస్సులు ఆగే ఊరు దాటాక బావ బండి వెనక్కి తిప్పాడు. ఇప్పుడు గాలి మా వీపున ఉంది. బండి వేగం పెరిగింది. చెట్లు వెనక్కి పోతున్నాయి, గేదెలు వెనక్కి పోతున్నాయి, పలక మీద బంతి మాత్రం నిటారుగా వేలాడుతూ ఉండిపోయింది. యంత్రం చెడిపోయిందనుకుని ఊపి చూశాను. చెడిపోలేదు.

"బావా, ఎంతలో పోతాండావు?"

"ఇరవై."

"బంతి కదల్లేదు బావా."

బావ వెనక్కి తిరిగి చూశాడు. వేగం ముప్పైకి పెంచితే అప్పుడు బంతి కొద్దిగా కదిలింది.  తర్వాత రోడ్డు వైపే చూస్తూ ఆయన అన్నాడు, "మంజులా, నేను అమ్మను ఇంతవరకు అడగనే లేదు."

నాకు అక్క వీపే కనిపిస్తోంది.  ఆమె పక్కకు తిరిగి పలక చూసి, "ముప్పై గీత ఈడ గీయి చౌడీ, బంతి నిలిచినాది" అంది. నేను గీశాను.

బడి దగ్గర ఆపబోతే అక్క ఆపొద్దంది. వీధిలోకి పోనిమ్మంది. టీ అంగడి దాటి, వాకిళ్ళలో రాట్నాలు తిప్పుకుంటున్న ఆడవాళ్ళందరి ముందు నుంచి వచ్చి, మా ఇంటి ముందు దిగాం. గుమ్మంలో అమ్మ చేట పట్టుకుని నిలబడిపోయింది. బావ బండి దిగలేదు, గడప తొక్కలేదు, శాస్త్రానికి ఏ లోపమూ రాలేదు.

"ఈ వారంలో మీ అమ్మను అడగండి. ఆమె నోట్లో నుంచి వచ్చిందే తెచ్చి చెప్పండి. మీరనుకున్నది నాకొద్దు" అని చెప్పి అక్క లోపలికి వచ్చేసింది.

ఆ రాత్రి అమ్మ అక్కను తిట్టింది. కాపురం చేసుకోవాల్సిన దానివి, మొగుణ్ణి నడివీధిలో నిలదీస్తావా అంది. అక్క తలొంచుకుని వింది. నేను వినలేదు, ఎదురు చెప్పి నా వంతు కూడా తిన్నాను.

బావ అడిగాడు. మళ్ళీ వచ్చినప్పుడు మొహం చూస్తేనే తెలిసింది. అత్తగారు అన్నపూర్ణమ్మ ఖరాఖండిగా కాదంది. కొత్త కోడలు రోజూ రైలెక్కి ఊళ్ళు తిరిగితే అంగడికి వచ్చేవాళ్ళు తన మొహాన నవ్వుతారంది. బండి మీద ఊరేగిన సంగతి కూడా తెలిసింది, దానికి వేరే అక్షింతలు పడ్డాయి. బావ ఒక్క ముక్క దాచకుండా, మా గడపకు అవతల నిలబడే చెప్పాడు. అక్క కుంగిపోతుందనుకున్నాను. బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. "సరే, ఇప్పుడు తెలిసినాది" అంది. మరుసటి రోజు పొద్దున్నే తలదువ్వుకుని, సర్టిఫికెట్లు తీసుకుని కాలేజీకి బయల్దేరింది. అమ్మ నాయన వైపు చూసింది. వాళ్ళింటి పిల్లను మనమెట్లా చేర్పిస్తామని అంతవరకు అంటూ వచ్చిన మనిషి, మగ్గం గుంతలోంచి లేచి, చొక్కా తొడుక్కుని అక్క వెనకే నడిచాడు.

కొత్త గీతలతో కొలిస్తే మిద్దె మీద గాలి ఇరవై ఆరు వచ్చింది. ఫోను ఇరవై తొమ్మిదంది. నేను ఇరవై ఆరే రాశాను. సారు బోర్డు ముందు నిలబడి, నా పలక చేతిలోకి తీసుకుని, ఒక్కో అంకెకు రెండు పాత గీతలూ మధ్యలో కొత్త గీతా ఎందుకున్నాయని అడిగారు. చెప్పాను. చెప్పిందంతా విని, అగ్నిపర్వతంతో పాటు నన్నూ పెనుకొండకు తీసుకుపోయారు. బహుమతి అగ్నిపర్వతానికే వచ్చింది. అది పొగ వదులుతుంది, నురగ కక్కుతుంది. గాలి కంటికి కనబడదు కదా, ఏం చేస్తాం.

శ్రావణం వచ్చింది. మంచిరోజు చూసుకుని అన్నపూర్ణమ్మ కోడల్ని తీసుకుపోవడానికి పొద్దున రైలుకే వచ్చింది. బావ బండి మీద ముందే వచ్చాడు. పూలు, పళ్ళు, గాజులు తెచ్చారు. అన్నపూర్ణమ్మ పెద్ద మనిషి. ఆమె కూర్చుంటే మా చాప చిన్నదై పోయింది. అమ్మ కంగారుగా అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడు అక్క లోపల్నుంచి వచ్చింది. పట్టుచీర కట్టలేదు. నూలు చీర, భుజాన సంచి.

"ఏం మంజులా, బయల్దేరినావా?" అంది అన్నపూర్ణమ్మ.

"బయల్దేరినా అత్తమ్మా. కాలేజీకి."

మా నట్టింట్లో మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది. అన్నపూర్ణమ్మ చేతిలోని గాజుల పొట్లం పక్కన పెట్టింది.

"నేను వద్దన్న సంగతి వాడు నీకు చెప్పలేదా?"

"చెప్పినారు అత్తమ్మా. మీ మాట ఉన్నదున్నట్టు చెప్పినారు. నా మాట నేనే మీకు చెప్తాండా. సాయంత్రం రైలుకు మీతోనే హిందూపురం వస్తా. పొద్దున రైలుకు మళ్ళా ఈడికొస్తా. పరీక్షలు అయ్యేదాకా రోజూ ఇట్లనే."

అన్నపూర్ణమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా కిష్టా, నువ్వేమంటావు?"

అందరం బావ వైపు చూశాం. 'చూద్దాం' అంటాడని భయపడ్డాను. 'సుమ్నే' అంటాడని ఇంకా భయపడ్డాను. ఆయన బండి తాళం జేబులోంచి తీశాడు.

"గంట కొట్టేస్తారమ్మా, దింపొస్తా" అన్నాడు.

ఆ పగలంతా అన్నపూర్ణమ్మ మా ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చుంది. అమ్మ పెట్టింది తిన్నది, అమ్మ మాట్లాడితే మాత్రం బదులివ్వలేదు. సాయంత్రం నేనూ అమ్మా ఆమెను స్టేషనుకు తీసుకుపోయాం. రైలు వచ్చింది, అక్క ఇంకా రాలేదు. అన్నపూర్ణమ్మ పెట్టెలోకి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఒకాయన ఆమె పక్కనున్న ఖాళీలో కూర్చోబోయాడు. ఆమె పండ్ల సంచి తీసి ఠక్కున అక్కడ పెట్టింది.

"ఈడ మనిషుండారు" అంది, చిరాగ్గా. "మా కోడలు. కాలేజీ నుంచి వస్తాండాది."